మొదటి ఎయిర్ పిస్టల్ ఏది కొనాలి? చిట్టి ఎత్తే ముందు ఒకసారి వినండి

ఈ ఎపిసోడ్ రెండు రోజులు లేట్ అయింది, సారీ. మొన్న ఆదివారం నేను జడ్చర్లలో ఉన్నా. అక్కడే రికార్డ్ చేద్దామని కెమెరా, మైకు కూడా పట్టుకెళ్లా. కానీ రోజంతా మా చిన్నాయనతో వాదించడంతోనే సరిపోయింది. ఆ వాదనే ఈ రోజు ఎపిసోడ్ అనుకోండి.

సంగతి ఏంటంటే, మా చిన్నమ్మ కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూల్లో ఎన్‌సీసీలో ఉంది. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్ ఇస్తే రౌండ్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఇంకేముంది, ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో మా రూంకి వచ్చి, మూడు వారాలు ఒక అకాడమీలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంది. పొద్దున నేను ఆఫీస్ లాగిన్ అయ్యేలోపు దింపి రావడం నా డ్యూటీ. అలా నాకూ మళ్లీ ఆ రేంజ్ వాసన తగిలింది. మళ్లీ అని ఎందుకన్నానో తర్వాత చెప్తా, అది కొంచెం సిగ్గుపడే కథ.

ఆమె ఊరికి వెళ్లిన వారానికి చిన్నాయన వాట్సాప్‌లో ఒక లింక్ పంపాడు. ఒలింపిక్స్‌లో వాడే రకం మ్యాచ్ పిస్టల్. రేటు లక్షన్నర పైనే. కింద వాయిస్ మెసేజ్: "అరే, బిడ్డకు గిది గొంటున్న. చిట్టి ఎత్తుతున్న. మంచిదేనా జెర జూసి చెప్పు."

చిన్నాయన బాదేపల్లి మార్కెట్ యార్డులో ఒక ఆడ్తి దుకాణంలో గుమాస్తా. భూత్‌పూర్ దగ్గర ఎకరంన్నర ఉంది, అందులో ఉన్న ఒక్క బోరు పోయిన ఏడాది ఎండిపోయింది. ఆ చిట్టి కొత్త బోరు కోసం కడుతున్నది. మా పాలమూరు, నల్లగొండ వైపు వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు, బోరు డబ్బులు అంటే ఏంటో.

అందుకే లింక్ చూసి థంబ్స్ అప్ పెట్టి ఊరుకోలేకపోయా. బండి తీసుకుని వెళ్లా.

చిన్నాయన మొదటి పాయింటే గట్టిది. "గగన్ నారంగ్ నాయిన ప్లాటే అమ్మిండట తుపాకీకి. పేపర్ల సదివిన. నేను చిట్టి ఎత్తుడు పెద్ద ముచ్చటనా?"

నిజమే. గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బ్రాంజ్. ఆయన కోసం వాళ్ల నాన్న స్థలం అమ్మి రైఫిల్ కొన్నారని చాలాసార్లు వచ్చింది. కానీ మనం ఆ కథలో సగమే గుర్తుపెట్టుకుంటాం. ఆయన చేతికి మొదట వచ్చింది ఒక మామూలు ఎయిర్ పిస్టల్, 1997లో. స్థలం అమ్మడం కొన్నేళ్ల తర్వాత. అంటే పిల్లాడు ఏళ్ల తరబడి ఆడి, చేతిలో ఉన్న గన్ తన స్కోరుకి అడ్డం పడుతోంది అని తేలాక పెట్టిన ఖర్చు అది. మా చెల్లి షూట్ చేసింది మూడు వారాలు.

ఇంకో పేరు కూడా చెప్పాడు. ఈషా సింగ్. ఆమెదీ హైదరాబాదే. గచ్చిబౌలిలో మొదలుపెట్టి, 2018లో 13 ఏళ్లకే నేషనల్స్‌లో సీనియర్లను దాటి పిస్టల్ ఛాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు మెడల్స్. "ఆ పిల్లకు పదమూడు, మనదానికి పద్నాలుగు నిండినయ్, లేటయితుంది రా" అని ఆయన తొందర. ఆ తొందర నాకు అర్థమైంది. కానీ ఆ అమ్మాయికి 13 ఏళ్లు వచ్చేసరికి వెనక నాలుగేళ్ల ప్రాక్టీస్ ఉంది.

సరే, ఇప్పుడు నా సిగ్గు కథ. 2021, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. నల్లగొండలో ఇంట్లో కూర్చుని టోక్యో ఒలింపిక్స్ చూస్తున్నా. షూటింగ్ చూసి ఊగిపోయి, ఆన్‌లైన్‌లో వెతికి, నల్లగా, బరువుగా, సినిమాలో పోలీసు పట్టుకునే పిస్టల్ లాంటిది ఒకటి కొనేశా. పదకొండు వేలు. పేలిస్తే స్లయిడ్ వెనక్కి కొట్టుకుంటుంది, సౌండ్ బ్రహ్మాండం. వారం రోజులు హీరోనే. తర్వాత టార్గెట్ పేపర్ పెట్టి చూస్తే ఒకటి ఇక్కడ, ఒకటి గోడకి. మేడ మీద రేకుకి తగిలి ఒక బీబీ వెనక్కొచ్చి నా మోచేతికి తగిలింది. కన్ను అయ్యుంటే ఈ ఛానెల్ ఉండేది కాదు. అది స్టీల్ గుండ్లు వేసే బొమ్మ. బ్యారెల్ లోపల రైఫ్లింగ్ ఉండదు, నున్నటి గొట్టం. దాంతో టార్గెట్ షూటింగ్ నేర్చుకోవడం అంటే ప్లాస్టిక్ బ్యాట్‌తో రంజీ సెలక్షన్‌కి వెళ్లడం. అది ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. మా అమ్మ దాన్ని చూసినప్పుడల్లా పదకొండు వేలు అంటుంది, పేరు పెట్టి పిలిచినట్టు.

అంటే తప్పు రెండు వైపులా ఉంది. నేను బొమ్మ కొన్నా, చిన్నాయన ఒలింపిక్ గన్ కొనబోతున్నాడు. ఈ రెండింటి మధ్యలో ఏది కొనాలో ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఒక చిన్న లెక్క. నేను కోడ్ రాసుకునేవాడిని కాబట్టి నాకు లెక్క చూస్తే కానీ నమ్మకం కుదరదు. చిన్నాయనకి కూడా ఆడ్తి చిట్టా వెనక రాసి చూపించా.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నల్ల గుండ్రం 59.5 మిల్లీమీటర్లు. మధ్యలో 10 పాయింట్ల వృత్తం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతకి తగిలినా ఆ పాయింట్ మీదే. ఇప్పుడు చూడండి. పిస్టల్ వెనక నాచ్ నుంచి ముందు సైట్ వరకు దూరం సుమారు 35 సెంటీమీటర్లు. మీ చేయి మొత్తం, పిస్టల్‌తో సహా, అలాగే నేరుగా 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగిందనుకోండి. పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే పక్కన పడుతుంది. అంటే ఇంకా పదే! చేయి ఊగుతోందని భయపడక్కర్లేదు అన్నమాట. కానీ ట్రిగ్గర్ గుంజేటప్పుడు మణికట్టు వంగి, ముందు సైట్ నాచ్ మధ్యలోంచి ఒక్క మిల్లీమీటర్ పక్కకి వెళ్లిందనుకోండి. 10 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ ఒక్క మిల్లీమీటర్ 28 మిల్లీమీటర్లు అవుతుంది. పది పోయి ఏడు.

కాబట్టి బిగినర్ పాయింట్లు పోయేది బ్యారెల్ వల్ల కాదు. మణికట్టు, వేలు. కాస్త మంచి రైఫిల్డ్ బ్యారెల్ ఉన్న ఏ పిస్టల్ అయినా 10 మీటర్లలో కొత్త షూటర్ కంటే చాలా మెరుగ్గానే కొడుతుంది. మరి పిస్టల్‌లో చూడాల్సింది ఏంటి? చేతిలో ఎలా కూర్చుంటుంది, ట్రిగ్గర్ ఎలా ఉంది. ఈ రెండే. మిగతావన్నీ తర్వాత.

ట్రిగ్గర్ గురించి. అంతర్జాతీయ రూల్ ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. అంతకంటే తేలిగ్గా ఉంటే మ్యాచ్‌లో ఎక్విప్‌మెంట్ చెకింగ్ దగ్గరే ఆపేస్తారు. పిస్టల్ మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. గ్రిప్ మణికట్టుకి ఆనుకుని సపోర్ట్ ఇవ్వకూడదు. ఇంట్లో ట్రిగ్గర్ టెస్ట్ చేసుకోవడానికి ఒక చిట్కా: అర లీటర్ నీళ్లంటే 500 గ్రాములు. బాటిల్ బరువు అదనంగా కొన్ని గ్రాములు. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, పిస్టల్ కాక్ చేసి, బ్యారెల్ నిటారుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి దారంతో నిండు బాటిల్ వేలాడదీసి మెల్లగా లేపండి. ట్రిగ్గర్ ఆపగలిగితే ఓకే. టక్‌మని పడిపోతే స్క్రూ తిప్పి బిగించాలి. మరీ రెండు బాటిళ్లు కట్టినా కదలకపోతే అది మీ మణికట్టుని వంచే ట్రిగ్గర్. పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇప్పుడు రకాలు. నాలుగున్నాయి, త్వరగా చెప్పేస్తా, ఒక్కదాని దగ్గర మాత్రం ఆగుదాం.

స్ప్రింగ్ పిస్టల్. బ్యారెల్ విరిచి కాక్ చేసేది. మన దగ్గర చవగ్గా దొరికేవాటిలో ఎక్కువ ఇవే. ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే చేయి అదురుతుంది. షాట్ పక్కకి పోతే తప్పు నీదా, పిస్టల్‌దా అని తెలీదు. పైగా పెల్లెట్ లేకుండా ఉత్తగా పేల్చితే పిస్టన్ దెబ్బతింటుంది. అంటే డ్రై ఫైర్ ప్రాక్టీస్ కుదరదు. సరదాకి ఓకే, ఆటకి వద్దు.

కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పిస్టల్. చిన్న క్యాప్సూల్ గానీ, సిలిండర్ గానీ పెడతారు. యూరప్‌లో దశాబ్దాలు దీంతోనే ఆడారు. కానీ ఆ గ్యాస్ ప్రెజర్ ఎండని బట్టి మారుతుంది. 31 డిగ్రీలు దాటితే అది లోపల లిక్విడ్‌గా కూడా ఉండదు, ప్రెజర్ ఇంకా ఎగబాకుతుంది. నల్లగొండలో మే నెలలో ఫ్యాన్ కింద కూడా 31 ఉండదు కదా సామీ. పొద్దున ఒక చోట పడ్డ పెల్లెట్ మధ్యాహ్నం ఇంకో చోట పడుతుంది. క్యాప్సూల్స్ ఖర్చు ప్రతి నెలా. అవి బండి డిక్కీలో ఎండలో పెట్టి మర్చిపోవడం ప్రమాదం కూడా.

మూడోది పీసీపీ. అంటే ముందే 200 బార్ దాకా గాలి నింపిన సిలిండర్. ఇప్పుడు మ్యాచ్‌లలో పెద్దవాళ్లు వాడేది ఇదే. స్టేయర్, మొరీని, ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్, పార్డీని... మీరు టీవీలో చూసేవన్నీ. ఒకసారి నింపితే నూట యాభై షాట్ల పైనే. చేయి అదరదు, డ్రై ఫైర్ సౌకర్యం ఉంటుంది. బ్రహ్మాండం. కానీ కొత్తది లక్ష దాటుతుంది. ఇంకో ప్రశ్న, జడ్చర్లలో 200 బార్ గాలి ఎవరు నింపుతారు? పంచర్ షాపు కంప్రెసర్‌తో అయ్యే పని కాదు. స్పెషల్ హ్యాండ్ పంప్ కొనాలి, లేదా పెద్ద సిలిండర్ పెట్టుకుని హైదరాబాద్ నుంచి నింపుకురావాలి. లింక్‌లో పిస్టల్ రేటే ఉంటుంది, ఇవి ఉండవు. చిన్నాయన ఇది విన్నాక మొదటిసారి మౌనంగా అయ్యాడు.

నాలుగోది సింగిల్ స్ట్రోక్ న్యూమాటిక్. ఇక్కడ ఆగుదాం. పిస్టల్‌కే ఒక లివర్ ఉంటుంది. ఒక్కసారి తెరిచి మూస్తే ఒక షాట్‌కి సరిపడా గాలి నిండుతుంది. సిలిండర్ లేదు, గ్యాస్ లేదు, పంప్ లేదు. ప్రతిసారీ దాదాపు ఒకే ప్రెజర్, చేయి అదరదు. కరెంటు పోయినా, ఊళ్లో ఏ షాపూ లేకపోయినా పనిచేస్తుంది. మనలాంటి ఊళ్లకి ఇది సరిగ్గా సరిపోయే బండి.

ఇందులో పేర్లు. గామో కాంపాక్ట్ అని స్పెయిన్‌ది, చెక్క గ్రిప్, కింద చేతికి ఆనే పలక జరుపుకోవచ్చు, బరువు కిలో లోపే. జర్మనీ వైరాచ్ హెచ్‌డబ్ల్యూ 40, దాని చవక అన్నదమ్ముడు లాంటి బీమన్ పీ17. ఇవి కూడా కిలో లోపే, కానీ గ్రిప్ మామూలు ప్లాస్టిక్. వీటన్నిటికీ పెద్దన్న రష్యా బైకాల్ 46ఎం. పొడుగు లివర్, మంచి బ్యారెల్, ట్రిగ్గర్ అద్భుతంగా సెట్ చేసుకోవచ్చు. ప్రపంచంలో ఎంతోమంది క్లబ్ షూటర్లు దీంతో మొదలుపెట్టారు. దొరికితే సెకండ్ హ్యాండ్‌లోనే వెతకండి, కానీ పద్నాలుగేళ్ల అమ్మాయికి బరువు ఎక్కువ, ముందు పట్టించి చూడాలి. రేట్లు నేను చెప్పను. ఇంపోర్ట్ వస్తువులు, నెలకో రేటు. ఇద్దరు ముగ్గురు డీలర్లకి ఫోన్ చేయండి.

దీంట్లో ఇబ్బంది లేదా అంటే ఉంది. మ్యాచ్‌లో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 75 నిమిషాలు. దానికి ముందు 15 నిమిషాలు ప్రిపరేషన్, సైటింగ్. అంటే 70, 80 సార్లు ఆ లివర్ తెరవడం, మూయడం. పిల్లల చేతులకి అలుపు. అందుకే మొదట్లో 20 షాట్లు చాలు. ఇంకోటి, గాలి నింపి అలాగే వదిలేసి టీ తాగడానికి వెళ్లకండి. సీల్స్ పాడవుతాయి, సేఫ్టీ కూడా కాదు.

చిన్నాయన అప్పుడు అడిగాడు: "మరి మనోళ్ల పిల్ల గీ చిన్నదానితోని ఆడితే, పక్కపిల్ల లక్షన్నరది వట్టుకోని ఆడితే?" మంచి ప్రశ్న. పెద్ద స్కోర్ల దగ్గర తేడా ఉంటుంది, ఒప్పుకోవాలి. 60 షాట్లకి 600. 500 దాటడానికి కష్టపడుతున్న అమ్మాయికి ఆ తేడా కనపడదు. 550 దగ్గర నిలకడగా వస్తూ, ఇక కదలట్లేదు, కోచ్ కూడా గన్ మార్చమంటున్నాడు అంటే అప్పుడు మాట్లాడుకుందాం. చిట్టి అప్పుడు ఎత్తవచ్చు.

అన్నట్టు, ఖరీదైన గన్ ఉంటే టెన్షన్ లేదనుకోకండి. టోక్యోలో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి టైం పోయింది. 575 కొట్టి 12వ స్థానం, ఫైనల్‌కి వెళ్లేది ఎనిమిది మందే. అదే అమ్మాయి మూడేళ్లకి పారిస్‌లో రెండు బ్రాంజ్‌లు తెచ్చింది. ఇక పారిస్‌లో వైరల్ అయిన టర్కీ అంకుల్ యూసుఫ్ డికెచ్, జేబులో చేయి, మామూలు కళ్లద్దాలు. "గేర్ ఏమీ అక్కర్లేదు" అని మీమ్స్ వేశారు కదా. ఆయన చేతిలో ఉన్నది మాత్రం అసలైన మ్యాచ్ పిస్టలే, చెవుల్లో ఇయర్ ప్లగ్స్ కూడా ఉన్నాయి. మీమ్ చూసి బొమ్మ పిస్టల్ కొనకండి, నాలాగ.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్. అకాడమీల్లో సీనియర్లు గన్ మార్చినప్పుడు పాతది అమ్ముతారు. స్టేయర్ ఎల్‌పీ2, హేమర్లీ ఏపీ20 లాంటివి ఎంట్రీ లెవెల్ పీసీపీలు, అలా దొరికితే అదృష్టమే. కానీ సిలిండర్ మీద తేదీ చూడండి. కంపెనీలు మామూలుగా పదేళ్ల గడువు ఇస్తాయి, గడువు దాటిన సిలిండర్‌తో మ్యాచ్ ఆడకూడదు. 200 బార్ గాలి చేతి పక్కన ఉంటుంది, అది రూల్ కోసం కాదు, ప్రాణం కోసం. మేము ఆదివారం మధ్యాహ్నం కార్ వేసుకుని హైదరాబాద్ వెళ్లి ఒకటి చూశాం. పిస్టల్ మిలమిలా మెరుస్తోంది, రేటు కూడా బాగుంది. సిలిండర్ తిప్పి చూస్తే గడువు ఎప్పుడో అయిపోయింది. అమ్మేవాడు "ఏం కాదన్నా, అందరూ వాడతారు" అన్నాడు. కొత్త సిలిండర్ రేటు కలిపితే బేరం అక్కడే ముగిసింది. గేజ్ కూడా నమ్మకండి, నింపి ఒక రాత్రి ఉంచి తెల్లారి ముల్లు ఎక్కడుందో చూసి తీసుకోండి. ఒరిజినల్ బిల్లు, సీరియల్ నంబర్ లేకపోతే ఎంత చవకైనా వద్దు. కుడి చేతి గ్రిప్పా, ఎడమ చేతిదా, సైజు ఎంత, ఇదీ అడగండి. చాలామంది రేటు చూసి ఇది మర్చిపోతారు.

లైసెన్స్ సంగతి చెప్పకపోతే ఈ ఎపిసోడ్ పూర్తి కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. టార్గెట్ పిస్టల్ పెల్లెట్ అర గ్రాము పైచిలుకు, సెకనుకి 150 మీటర్ల దరిదాపు వేగం. లెక్క వేస్తే 6 జౌల్స్. చాలా లోపల ఉన్నాం. డీలర్ ఆధార్, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇవ్వండి. పిల్లలకైతే పెద్దవాళ్ల పేరు మీద కొనండి.

కానీ లైసెన్స్ అక్కర్లేదు అంటే ఎక్కడైనా తిప్పొచ్చని కాదు. మన జిల్లాల్లో తుపాకీ అనే మాట వింటే పెద్దవాళ్ల ముఖం ఎలా మారుతుందో మీకు తెలుసు. మా నానమ్మ తరం వాళ్లు రెండు వైపుల తుపాకులూ చూశారు. బస్టాండ్‌లో పిస్టల్ బయటకు తీస్తే అది 6 జౌల్స్‌దా, అసలుదా అని ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది? కేస్‌లో పెట్టి, తాళం వేసి, బిల్లు జిరాక్స్ లోపల ఉంచి తీసుకెళ్లండి. దాన్ని పట్టుకుని రీల్స్ చేయకండి. సీరియస్‌గా చెప్తున్నా. ఒక్క పదిహేను సెకన్ల వీడియోకి స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది, అమ్మాయి ఆట అక్కడితో ఆగిపోతుంది. మా చెల్లి ఫోన్‌లో అలాంటి వీడియో ఒకటి ఉంటే నేనే డిలీట్ చేయించా. అలిగింది. అలగనీ.

ఇంట్లో రేంజ్? చిన్నాయన వాళ్ల ఇంటి వెనక పాత పత్తి నిల్వ చేసిన పొడుగు రూం ఒకటి ఉంది, టేపు పెట్టి కొలిస్తే 12 మీటర్లు వచ్చింది. తలుపు ఒక్కటే, అదీ షూటర్ వెనక వైపు. ఇదే కావాలి, మధ్యలోకి ఎవరూ నడిచి రాకూడదు. టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. వెనక మందం ప్లైవుడ్, దాని ముందు పాత బట్టలు కుక్కిన గోనె సంచి. పెల్లెట్ సీసం, మెత్తనిది, కానీ రాయికి తగిలితే ముక్కలు ఎగురుతాయి. అద్దాలు పెట్టుకోవాల్సిందే. పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో మురుకులు తినకూడదు, సబ్బుతో కడగాలి. పెల్లెట్ ముక్కు చదునుగా ఉన్నవి కొనండి, పేపర్ మీద గుండ్రంగా శుభ్రంగా కోస్తాయి, స్కోర్ చూడటం సులువు. ఖర్చు లెక్క కూడా వేసుకోండి: రోజుకి 100 చొప్పున వారానికి ఐదు రోజులంటే నెలకి 2000, అంటే 500ల డబ్బాలు నాలుగు. పిస్టల్ ఒకసారి కొంటారు, ఇది ప్రతి నెలా. వారానికి ఒకసారి కోచింగ్‌కి హైదరాబాద్ వెళ్లాలి, ఆమెకి మహాలక్ష్మి కింద బస్సు ఫ్రీ, టికెట్ చిన్నాయనకే.

అసలు పెల్లెట్ లేకుండానే సగం ఆట నేర్చుకోవచ్చు. తెల్ల గోడ ముందు నిలబడి, టార్గెట్ లేకుండా, సైట్స్ మాత్రమే చూస్తూ ఖాళీగా ట్రిగ్గర్ నొక్కడం. రోజుకి ఇరవై నిమిషాలు. మీ ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి పక్క నుంచి మణికట్టుని రికార్డ్ చేయండి. ట్రిగ్గర్ విడిచే క్షణంలో బ్యారెల్ కొన ముక్కు దించుతోందా, చూడండి. మా చెల్లిది దించుతోంది. అది చూశాక చిన్నాయనకి నేను వేసిన లెక్క అర్థమైంది. "ఓ, గిదా నీ మిల్లీమీటరు" అన్నాడు.

చివరికి ఏం కొన్నామంటే, వేరే అకాడమీలో ఒకాయన తన పాత గామో కాంపాక్ట్ ఇచ్చాడు, బిల్లుతో సహా. అక్కడే వాటర్ బాటిల్ కట్టి చూస్తే ట్రిగ్గర్ పడిపోయింది, మరీ తేలిక. ఆయనే నవ్వుతూ స్క్రూ తిప్పాడు, రెండోసారి ఆగింది. చిట్టి ముట్టుకోలేదు, చిన్నాయన ఆడ్తి దుకాణంలో అడ్వాన్స్ తీసుకున్నాడు, నేను కొంత వేశా. గ్రిప్ మాత్రం ఆమె చేతికి పెద్దదైంది, వేలు ట్రిగ్గర్‌కి సగమే అందుతోంది. బాదేపల్లిలో వడ్లాయన దగ్గరికి తీసుకెళ్లి, ఆమెతో పట్టించి పెన్సిల్ గీతలు పెట్టించి, ఆకురాయితో రుద్దించాం. ఆయనకి ఇదేం పనో అర్థం కాలేదు, బొటనవేలు వైపు కొంచెం ఎక్కువే రుద్దేశాడు. అక్కడ చెక్క పుట్టీ పెట్టాం, ఇంకా ఆరుతోంది. ఆరాక సన్న ఉప్పు కాగితంతో నేనే సరిచేస్తా అన్నా.

గురువారం భూత్‌పూర్‌లో బోరు లారీ వస్తోంది. చిన్నాయన నన్ను అక్కడ ఉండమన్నాడు. కాబట్టి వచ్చే ఎపిసోడ్ కూడా ఒక రోజు లేట్ అవ్వొచ్చు, ముందే చెప్తున్నా.